పెద్దవాళ్లు పడిపోకుండా చూసుకోవడం: వార్డు సిస్టర్లకూ వృద్ధాశ్రమ సిబ్బందికీ అంచెలంచెలుగా

విజయవాడ సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా నైట్ డ్యూటీలు చేసిన ఏ సిస్టర్‌నైనా అడగండి, పెద్దవాళ్లు ఎక్కడ పడతారో తడుముకోకుండా చెబుతుంది. మంచానికీ బాత్‌రూంకీ మధ్య. ఎప్పుడు పడతారో కూడా చెబుతుంది. వార్డంతా నిద్రపోయాక, లేకపోతే తెల్లవారుజామున. మెట్ల మీదా వరండాలోనూ పడేవాళ్లూ ఉంటారు గానీ, వాళ్లను ఎవరో ఒకరు చూస్తారు. అర్ధరాత్రి బాత్‌రూం దారిలో పడ్డ పెద్దాయన్ను చప్పుడయ్యాకే చూస్తాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు, అందులో అరవై దాటినవాళ్లే ఎక్కువ. బతికి బయటపడినవాళ్ల సంగతి మనకు తెలిసిందే. తుంటి ఎముక విరగడం, ఆపరేషన్, మంచాన పడటం, నడుము కింద పుండ్లు, ఆ తర్వాత న్యుమోనియా.

రిపోర్టులో మాత్రం "కాలు జారి పడ్డారు" అని ఒక్క ముక్క రాసేస్తాం. కాలు జారడం ఆఖర్న జరిగేది. అసలు ఆయన ఎందుకు లేచారు? ఎవర్నీ ఎందుకు పిలవలేదు? లేవగానే ఒళ్లెందుకు తూలింది? ఈ మూడూ ముందే తెలుసుకున్న సిస్టర్, ఆయన లేవకముందే మంచం దగ్గర ఉంటుంది. కింద రాసినదంతా ఆ ముందుచూపు కోసమే.

1. చేర్చుకునేటప్పుడు: అడిగే తీరు మార్చండి

"ఎప్పుడైనా పడ్డారా తాతగారూ?" అని అడిగితే "అబ్బే, లేదమ్మా" అంటారు. పడటాన్ని పెద్దవాళ్లు చేతకానితనంగా చూస్తారు. పైగా కొడుకు పక్కనే నిలబడి ఉంటాడు. అందుకని ఇలా అడగండి: "ఈ ఏడాదిలో ఎప్పుడన్నా తూలి గోడ పట్టుకున్నారా? బాత్‌రూంలో కూర్చుని లేవలేక ఎవర్నన్నా పిలిచారా?" తర్వాత కోడలినో కూతురినో పక్కకు పిలిచి అదే ప్రశ్న వేయండి. అసలు కథ అక్కడ బయటికొస్తుంది.

పడే ప్రమాదం ఎంతో మార్కులేసి అంచనా కట్టడానికి చాలా ఆస్పత్రుల్లో మోర్స్ స్కేలు వాడతారు. ఆరు అంశాలు, మొత్తం 125 మార్కులు. ఈమధ్య పడి ఉంటే 25, ఒకటికి మించి జబ్బులుంటే 15, చేతికర్రో వాకరో వాడితే 15, దానికి బదులు గోడా మంచమూ పట్టుకుని నడిస్తే 30, సెలైన్ గానీ క్యాన్యులా (నరంలో పెట్టి ఉంచే సన్న గొట్టం) గానీ ఉంటే 20, నడక నీరసంగా ఉంటే 10, అదే బాగా దెబ్బతిని ఉంటే 20, తన శక్తి ఎంతో తనకే గుర్తులేని స్థితిలో ఉంటే 15. పోయిన నెల పడ్డ 78 ఏళ్ల పెద్దాయనకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. మంచాలు పట్టుకుంటూ నీరసంగా నడుస్తున్నారు, చేతికి క్యాన్యులా ఉంది. లెక్క వేస్తే 25, 15, 30, 20, 10, మొత్తం 100. చాలాచోట్ల 45 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే ప్రమాదం ఎక్కువని లెక్క.

గోడలు పట్టుకుని నడవడానికి కర్ర కంటే ఎక్కువ మార్కులు ఎందుకో గమనించండి. మనవాళ్లలో సగం మంది "కర్ర పట్టుకుంటే ముసలివాళ్లమని తెలిసిపోతుంది" అని ఇలాగే నడుస్తారు. పట్టుకున్న స్టూలు పక్కకు జరిగిందా, మనిషి కింద ఉంటాడు.

స్కోరు వేసి ఫైల్లో పెట్టేస్తే పనైపోయినట్టు మాత్రం కాదు. వైద్యానికి మార్గదర్శకాలు రాసే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2013లోనే ఇలాంటి స్కోర్ల మీద ఆధారపడొద్దని చెప్పింది. ఆస్పత్రిలో చేరిన 65 ఏళ్లూ ఆపైన ఉన్న ప్రతివారికీ పడే ప్రమాదం ఉన్నట్టే లెక్కేసి, ఎవరికి ఏ కారణం ఉందో వెతకమంది. నాకూ అదే సబబు అనిపిస్తుంది. స్కోరు 30 వచ్చిందని ఊరుకున్న మామ్మగారు, రాత్రి కొత్తగా వేసిన నిద్రమాత్రతో తెల్లారేసరికి కింద ఉండొచ్చు. ఆపరేషన్ అయినా, మందు మారినా, వార్డు మారినా, ఒకసారి పడినా మళ్లీ మొదటి నుంచి చూడాల్సిందే.

నడవగలిగినవాళ్లకు ఇంకో చిన్న పరీక్ష చేయొచ్చు. చేతుల కుర్చీలో కూర్చోబెట్టి, లేచి మూడు మీటర్లు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోమనండి. 12 సెకన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితే జాగ్రత్త అవసరం. మీరు పక్కనే ఉండండి. సెకన్లతో పాటు వెనక్కి తిరిగే తీరు కూడా చూడండి. తూలేవాళ్లు అక్కడే దొరికిపోతారు.

2. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి రెండుసార్లు బీపీ

చేసేవాళ్లు తక్కువ గానీ, ఖర్చులేని పరీక్షల్లో దీన్ని మించింది లేదు. ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ చూడండి. తర్వాత నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు మరోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే, లేచినప్పుడు బీపీ పడిపోతోందని అర్థం. పడుకున్నప్పుడు 150/84, నిలబడ్డాక 124/76 ఉంటే పై అంకె 26 తగ్గింది. మామూలు రౌండ్లలో కూర్చోబెట్టి చూసి "బీపీ బానే ఉంది" అని రాసుకుంటే ఇది ఎప్పటికీ దొరకదు. కళ్లు తిరిగాయా, కళ్లముందు చీకట్లు కమ్మాయా అన్నది కూడా అంకెల పక్కనే రాయండి. కొందరికి భోజనం చేసిన గంటలోనూ బీపీ తగ్గుతుంది.

మన ఊళ్లలో ఎండాకాలం వేరే లెక్క. రోహిణి కార్తె ఎండల్లో పెద్దవాళ్లకు దాహం వేసినట్టు తెలియదు. దానికితోడు రాత్రిళ్లు లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్లు మానేస్తారు. ఒంట్లో నీరు తగ్గి, సోడియం కూడా పడిపోతే మనిషి తూలుతాడు, మాట తడబడుతుంది. గుండె, కిడ్నీ జబ్బుల వల్ల డాక్టర్ నీళ్లు తగ్గించమన్నవాళ్లు తప్ప, మిగతావాళ్లకు పొద్దుటి నుంచి సాయంత్రం ఐదారు గంటల లోపు నీళ్లూ మజ్జిగా గ్లాసు గ్లాసుగా పట్టించండి. ఆ తర్వాత తగ్గించండి.

3. మందుల కవరు మొత్తం మంచం మీద పోయమనండి

ఇంటి నుంచి తెచ్చిన మందుల కవరు ఖాళీ చేసి చూస్తేనే విషయం తెలుస్తుంది. డాక్టర్ రాసినవి, పక్కవీధి ఆర్ఎంపీ ఇచ్చినవి, మెడికల్ షాపులో అడిగి కొన్నవి అన్నీ అందులో ఉంటాయి. ముఖ్యంగా వీటి మీద కన్ను వేయండి: అల్ప్రాజొలం, లోరాజిపాం లాంటి నిద్రమాత్రలు. దిగులుకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్. కాళ్ల మంటలకూ తిమ్మిర్లకూ ఇచ్చే ప్రిగాబలిన్, గాబాపెంటిన్. నిద్ర తెప్పించే జలుబు మాత్రలూ దగ్గు మందులూ. ప్రోస్టేటుకి ఇచ్చే టామ్సులోసిన్. లాసిక్స్ లాంటి నీరు పోయే మాత్రలు. బీపీ మాత్రలు రెండు మూడు రకాలు. షుగర్‌కి గ్లిమిపిరైడ్, ఇన్సులిన్.

ఏదీ మన అంతట మనం ఆపకూడదు. నిద్రమాత్ర ఏళ్ల తరబడి వాడినవాళ్లకు ఒక్కసారిగా ఆపితే ఇంకో ప్రమాదం. డ్యూటీ డాక్టర్‌కు చెప్పేటప్పుడు "చాలా మందులు వాడుతున్నారండీ" అంటే పని జరగదు. "లేచినప్పుడు బీపీ 26 తగ్గుతోంది, రాత్రి టామ్సులోసిన్, అల్ప్రాజొలం రెండూ వేసుకుంటున్నారు, రాత్రి మూడుసార్లు లేస్తున్నారు" అని చెప్పండి. నీరు పోయే మాత్ర సాయంత్రం రాసి ఉంటే పొద్దుటికి మార్చవచ్చా అని అడగండి. సిస్టర్ అడిగిన ఆ ఒక్క ప్రశ్నతో పెద్దాయన రాత్రి లేవడం సగానికి తగ్గిన సందర్భాలు ఉంటాయి.

ఏకాదశి, కార్తీక సోమవారాల్లో, రంజాన్ నెలలో ఇంకో ప్రశ్న కూడా అడగండి: "ఈ రోజు ఏమన్నా తిన్నారా?" ఉపవాసం ఉండి షుగర్ మాత్ర మాత్రం యథావిధిగా వేసుకునేవాళ్లు ఉన్నారు. షుగర్ తగ్గి పడితే అందరూ నీరసమనుకుంటారు.

4. లేవకముందే వెళ్లడం

మిగతావన్నీ కుదరకపోయినా ఈ ఒక్క అంచె వదలొద్దు.

మొదటి మూడు రోజులు ఆయన ఏ వేళకు బాత్‌రూంకి వెళ్తున్నారో కేస్ షీట్‌లో రాయండి. రాత్రి పదిన్నర, ఒంటి గంట, నాలుగున్నర. మూడు రోజులకు ఒక వరస కనిపిస్తుంది. ఇక ఆ వేళకు పది పదిహేను నిమిషాల ముందు మీరే వెళ్లండి. నైట్ డ్యూటీలో ఇద్దరు సిస్టర్లకు ముప్పై మంచాలు ఉంటాయని తెలుసు. అందుకే ఈ రాత చాలా అవసరం. అందరి దగ్గరికీ ప్రతి గంటా వెళ్లలేనప్పుడు, ఎవరి దగ్గరికి ఏ గంటకు వెళ్లాలో తెలిసి ఉండాలి.

వెళ్లినప్పుడల్లా నాలుగు సంగతులు చూసుకోండి: నొప్పి ఉందా, బాత్‌రూంకి వెళ్లాలా, ఒకే పక్కకు పడుకుని ఇబ్బంది పడుతున్నారా, కావాల్సినవి చేతికి అందుతున్నాయా. మంచినీళ్లు, కళ్లద్దాలు, ఫోన్, బెల్లు, యూరిన్ బాటిల్. దూరంగా ఉన్న కళ్లద్దాల కోసం వంగి పడినవాళ్లు ఎంతమందో.

ఇప్పుడు బెల్లు సంగతి. "ఏం కావాలన్నా బెల్లు కొట్టండి మామ్మగారూ" అని చెప్పి మనం వెళ్లిపోతాం. గుంటూరు పల్లెల నుంచి వచ్చిన ఆవిడ జీవితంలో ఎవరికీ బెల్లు కొట్టి పని చెప్పి ఎరగదు. "పాపం, పిల్ల ఇప్పుడే కుర్చీలో కూర్చుంది, దాన్ని లేపడం ఎందుకు" అనుకుని తనే మెల్లగా కాళ్లు కిందికి దించుతుంది. మొహమాటం అంత పని చేస్తుంది. "ఏమన్నా కావాలా?" అంటే కూడా "ఏం వద్దమ్మా, నువ్వు పడుకో" అనే జవాబే వస్తుంది. అందుకని ప్రశ్న వేయకండి. "మామ్మగారూ, నేను ఇటే వెళ్తున్నా, రండి, ఒకసారి బాత్‌రూంకి వెళ్లొచ్చేద్దాం" అని చెయ్యి అందించండి. వద్దన్న మనిషే లేచి కూర్చుంటుంది. బెల్లు గురించి చెప్పేటప్పుడు కూడా "మీరు పిలవకుండా లేచి పడితే డాక్టర్ గారు నన్ను అరుస్తారు, నా కోసం కొట్టండి" అంటే పనిచేస్తుంది. తన కోసం కొట్టదు, మీ కోసం కొడుతుంది. చెప్పాక ఆవిడ చేతే ఒకసారి బెల్లు కొట్టించండి. కీళ్లవాతంతో వేళ్లు వంగనివాళ్లు ఆ చిన్న మీట నొక్కలేకపోవచ్చు. వాళ్లకు ఒక గిన్నె, దాని మీద కొట్టడానికి చెంచా ఇచ్చినా చాలు.

బాత్‌రూంలో దిగబెట్టి వచ్చేయకండి. చేతికందే దూరంలో ఉండాలి. తలుపు దగ్గరగా వేయొచ్చు గానీ గడియ వద్దు. మగవాళ్లు సిస్టర్ ముందు సిగ్గుపడతారు, ఆ సిగ్గుతోనే "నువ్వెళ్లమ్మా, నేను చూసుకుంటా" అంటారు. అలాంటప్పుడు వార్డ్ బాయ్‌ని పంపండి, లేదా పక్కకు తిరిగి నిలబడి మాట్లాడుతూ ఉండండి. మాట ఆగితే తలుపు తీయండి.

5. మంచం చుట్టూ, బాత్‌రూం దారిలో

మంచం బాగా కిందికి దించి ఉంచాలి, అంచున కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. చక్రాల బ్రేకులు షిఫ్టు మారినప్పుడల్లా కాలితో తట్టి చూడండి. పక్క కటకటాలు నాలుగూ ఎత్తేస్తే క్షేమమని అటెండెంట్లు అనుకుంటారు. మతిస్థిమితం తప్పిన పెద్దాయన వాటి మీదుగా ఎక్కి దూకబోతాడు, అప్పుడు ఇంకా ఎత్తు నుంచి పడతాడు. తల వైపు రెండూ ఎత్తి ఉంచి, కాళ్ల వైపు దిగే దారి వదలడం చాలామందికి మేలు.

బాత్‌రూం గుమ్మం దగ్గర నీళ్లు రాకుండా కట్టిన గట్టు ఉంటుంది. తెల్ల టైల్స్ మధ్య తెల్ల గట్టు, శుక్లాలున్న కంటికి కనపడదు. మన ఇళ్లలో గడపకు పసుపు రాస్తాం, ఆ పసుపు గీత మసకలోనూ కనిపిస్తుంది. ఇక్కడా పసుపు టేపు అంటించండి. లోపల పట్టుకునే రాడ్డు కమోడ్ పక్కన ఉండాలి, తువ్వాలు రాడ్డు మనిషి బరువు ఆపదు. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు వద్దు, సబ్బు నీళ్లలో కాళ్లు విచ్చుకుపోతుంది. బరువైన, చేతులున్న కుర్చీ వేయండి.

ఆయాలు తెల్లవారుజామున ఫినాయిల్ వేసి తుడిచే వేళా, పెద్దవాళ్లు లేచే వేళా ఒకటే. వేళ మార్పించండి, లేదా వార్డులో సగం వైపు తుడిచి ఆరాక మిగతా సగం. వెనక పట్టీ లేని హవాయి చెప్పులు, నేల ఊడ్చే నైటీ, వదులుగా కట్టిన లుంగీ, మడమలకు రాసిన కొబ్బరినూనె, ఇవన్నీ చూడగానే సరిచేయాల్సినవి.

ఇంకోటి ఎవరూ రాయరు. రాత్రి అటెండెంట్ చాప ఎక్కడ పరుస్తున్నారు? సరిగ్గా పెద్దాయన దిగే వైపు, మంచం పక్కనే. కొడుకు మీద కాలు పడకుండా దాటబోయి తండ్రి పడతాడు. చాప రెండో వైపుకు మార్పించండి. సద్ది క్యారియరూ సంచీ మంచం కిందకు తోయించండి.

6. లేపి నిలబెట్టే పద్ధతి

తొందరపడి చంకల్లో చేతులు వేసి లేపొద్దు. భుజం జారుతుంది, మీ నడుమూ పోతుంది. ముందు పక్కకు తిప్పి, కాళ్లు దించి, అంచున కూర్చోబెట్టండి. ఒక నిమిషం ఆగండి. ఆ నిమిషంలో పాదాలు పైకీ కిందికీ ఆడించమనండి, పిక్కల్లో రక్తం కదులుతుంది. "కళ్లు తిరుగుతున్నాయా?" అని అడగండి, మొహం రంగు చూడండి. పాదాలు వెనక్కి, మోకాళ్ల కిందికి తేవాలి. ఆయన రెండు చేతులూ మంచం మీద ఆనించి, ముందుకు వంగి, తనే లేవాలి. మీ చెయ్యి నడుము దగ్గర ఉండాలి, బెల్టు ఉంటే బెల్టు మీద. చీర కొంగో లుంగీ ముడో పట్టుకుంటే అది చేతిలోకి ఊడొస్తుంది. లేచాక మళ్లీ పది లెక్కపెట్టే దాకా కదలొద్దు.

పక్షవాతం వచ్చినవాళ్లకు నడిచేటప్పుడు మీరు బలహీనమైన వైపు ఉండాలి, కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీని బలమైన వైపు పెట్టాలి. కుడి మోకాలు నొప్పైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపు చేత్తోనే పట్టుకుంటారు. చెయ్యి వేలాడదీస్తే కర్ర పిడి మణికట్టు గీత దగ్గరకు రావాలి.

నడిపిస్తుండగా పడిపోతుంటే ఆపాలని చూడకండి. మీ కాలు ముందుకు వేసి, ఆయన్ను మీ ఒంటికి ఆనించుకుని, తొడ మీదుగా మెల్లగా కిందకు జారనిచ్చి, తల కాచుకోండి.

7. రాత్రయ్యేసరికి మాట మారిపోయేవాళ్లు

పగలంతా బాగున్న మామ్మగారు చీకటి పడగానే "మా ఊరు వెళ్లాలి, పాలు పితకాలి" అని లేచిపోతుంటే, చేతులు కట్టేయడం పరిష్కారం కాదు. కట్టేస్తే పెనుగులాట పెరుగుతుంది, గాయాలవుతాయి. ఎందుకిలా అయిందో వెతకండి: మూత్రం బిగుసుకుందా, ఎన్ని రోజుల నుంచి విరేచనం లేదు, జ్వరం ఉందా, నొప్పి చెప్పలేకపోతున్నారా, సోడియం, షుగర్ ఎంత, కొత్త మందేమన్నా వేశారా. కళ్లద్దాలు, వినికిడి మిషన్ పెట్టండి. చిన్న లైటు ఉంచండి. ఇంట్లోవాళ్లలో ఆవిడ మాట వినేవాళ్లు ఎవరో కనుక్కుని రాత్రికి వాళ్లను ఉండమనండి. సిస్టర్ల గదికి దగ్గర్లో ఉన్న మంచానికి మార్చండి. పిల్లలు అమెరికాలో ఉండి ఏజెన్సీ మనిషిని పెట్టినచోట ఆ మనిషి వారానికోసారి మారుతుంటుంది. ప్రతి కొత్త మనిషికీ మళ్లీ చెప్పి, తిరిగి చెప్పించుకోండి.

8. పడ్డాక

పరిగెత్తుకొచ్చిన నలుగురూ కలిసి లేపి మంచం మీద పడేస్తారు. ముందు వాళ్లను ఆపండి. కింద ఉన్నచోటే స్పృహ, శ్వాస చూడండి. మెడ నొప్పి, తలకు దెబ్బ, కాళ్లూ చేతులూ కదలిక చూడండి. ఒక కాలు పొట్టిగా అయి పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందనే అనుకోండి, నిలబెట్టొద్దు. నాడి, బీపీ, షుగర్ చూసి డాక్టర్‌ను పిలవండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటివి వాడుతున్నారా అన్నది మొదటి మాటలోనే చెప్పండి.

తలకు దెబ్బ తగిలినా, ఎవరూ చూడకుండా పడినా స్పృహ స్థాయి, కంటిపాపలు గమనిస్తూ ఉండాలి. మనిషి పూర్తి తెలివితో ఉంటే మొదటి రెండు గంటలు అరగంటకోసారి, తర్వాత నాలుగు గంటలు గంటకోసారి, ఆపైన రెండు గంటలకోసారి. "మామ్మగారు పడుకున్నారు, లేపడం ఎందుకు" అనుకోవద్దు. రక్తం గడ్డ పెరుగుతున్నా నిద్రలాగే కనిపిస్తుంది.

ఇంటివాళ్లకు ఆ పూటే చెప్పండి. రిపోర్టులో ఏ వేళ, ఏ పని మీద లేచారు, చెప్పులేమిటి, లైటు ఉందా, చివరి మందు ఏది అన్నవన్నీ రాయండి. ఒకసారి పడ్డవాళ్లు మళ్లీ అదే కారణంతో పడొచ్చు.

9. ఇంటికి పంపేటప్పుడు

పడ్డ భయంతో చాలామంది మంచం దిగడం మానేస్తారు, ఇంటివాళ్లూ "నువ్వు కదలకు నాన్నా" అని గౌరవంగా కూర్చోబెడతారు. వారం కదలకపోతే తొడల్లో బలం తగ్గి, లేచినప్పుడు ఇంకా తేలిగ్గా పడతారు. వార్డులో ఉండగానే ఫిజియో చేత కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ దగ్గర మునివేళ్ల మీద నిలబడటం నేర్పించి, అటెండెంట్ చేత చేయించి చూడండి. కంటి శుక్లాలుంటే చూపించుకోమనండి. మెట్లు దిగేటప్పుడు బైఫోకల్ అద్దాల్లోంచి కింది మెట్టు మసకగా కనిపిస్తుందని చెప్పండి.

ఇంటి ఫోటోలు వాట్సాప్‌లో పెట్టమంటే పెడతారు. మంచం దగ్గర నుంచి బాత్‌రూం దాకా దారి అడగండి చాలు. పరుపు ఎత్తు, మధ్యలో గోనెపట్టా, గుంటూరు బ్రాడీపేట పాత ఇళ్లలో లాగా రెండు మెట్లు దిగి వెళ్లే బాత్‌రూం, అన్నీ కనిపిస్తాయి. కమోడ్ పక్కన రాడ్డు, రాత్రి దీపం వేయించమనండి. కరెంటు పోతే చేతికందేలా టార్చి. బాత్‌రూం గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించమనండి, తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే ఇంకా మంచిది. లోపల తలుపుకు అడ్డంగా పడ్డ మనిషిని లోపలికి తెరుచుకునే తలుపు తోసి బయటికి తీయలేరు.